కేప్ కోస్టులో రెండు రోజులు

ఆఫీసు పని మీద ఘనా వెళ్ళవలసివచ్చింది. పిల్లకి బడి సెలవులు కావడంతో ముగ్గురమూ బయలుదేరాము. అక్రాలో పని శుక్రవారానికే ముగిసింది. శని, ఆదివారాలు హాయిగా గడుపుదామని కేప్ కోస్టు చేరాము.

సముద్రపు ఒడ్డున బస. ఎదురుగా రంగురంగుల పడవలు, వలలు బాగుచేసుకుంటున్న జాలరులు. మంగళవారం వారు వేటకు వెళ్ళరట. సముద్రానికీ ఒక సెలవు! పులిసిన మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టి ఉడికించిన కెంకీ, వేయించిన చేప, మిరపకారం తిన్నాము. ఆ కారం మన కారానికేమీ తీసిపోదు.

ఆదివారం కోట చూశాము. 1653లో స్వీడన్ వారు మొదలుపెట్టిన ఆ కోట తరువాత ఇంగ్లీషువారి బానిస వ్యాపారానికి కేంద్రమైంది. కింద బందీల చీకటి కొట్లు. వాటిపైనే ప్రార్థన మందిరం! చివరికి సముద్రం వైపు 'తిరిగిరాని ద్వారం'. అది దాటి వెనుదిరిగితే, అదే గుమ్మానికి బయటివైపు 'తిరిగివచ్చే ద్వారం' అని రాసి ఉంది.

పిల్ల చదివి, "మరి మనం అమ్మమ్మ దగ్గరికి ఎప్పుడు వెళ్తాం?" అంది.

టికెట్లు ఖరీదని రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నాము. మమ్మల్ని ఆపినవారెవరూ లేరు. ఆ రాత్రే ఊరికి ఫోను చేసి, సంక్రాంతికి వస్తున్నామని చెప్పాము.