రిటైరైన తరువాత ఇల్లెక్కడ? – కొండపల్లిలో ఒక రోజు

మా సంఘములో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మొన్న ఏప్రిల్‌లో ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, రేపు మీకు తీరికేనా? కొండపల్లిలో ఒక స్థలం చూడాలి. మీరు పక్కనుంటే మా ఆవిడ నాతో పోట్లాడదు" అన్నారు. ఆవిడ ప్రక్కనే నిలబడి, "పోట్లాడేది ఎవరో అయ్యగారికి తెలుసులెండి" అన్నారు. సోమవారము కాపరులకు కాస్త ఖాళీ దొరికే రోజు గనుక సరేనన్నాను.

వీరికి విజయవాడ సింగ్ నగర్‌లో సొంత ఇల్లున్నది. ప్రావిడెంటు ఫండు డబ్బుతో కట్టుకున్న ఇల్లు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా మునిగినప్పుడు క్రింది గదులలో మెడలోతు నీరు నిలిచింది. ఇద్దరూ మేడమీద మూడు రాత్రులు గడిపారు. ఆవిడ పెళ్లినాటి బీరువా, తండ్రిగారి బైబిలు, గార్డుగారి సర్వీసు కాగితాలు అన్నీ బురదలో కలిసిపోయినవి. తరువాత కడిగించి సున్నము వేయించారు గాని, మబ్బు పట్టిన రాత్రి ఆవిడ లేచి కూర్చుంటారట. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడకు పన్నెండేళ్లు. ఆ రాత్రి ఏమేమి పోయినవో ఆవిడ ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడుగలేదు.

అందుకే గార్డుగారి మనసు కొండపల్లి మీదికి పోయింది. కొండ ప్రక్కన మెరక నేల, నీరు నిలువదు. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లే. పైగా కాజీపేట లైను మీద స్టేషను. "రాత్రిపూట గూడ్సు వెళ్లే చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదండీ" అన్నారు బస్సులో. గొల్లపూడి దాటి గుంటుపల్లి దగ్గర వ్యాగన్ల వర్కుషాపు కనబడగానే కిటికీలో నుండి చూపించి, అక్కడ పనిచేసిన పాత స్నేహితుల పేర్లన్నీ చెప్పుకొచ్చారు. ఆవిడ కన్నులు మూసుకొని కూర్చున్నారు. ఇబ్రహీంపట్నములో థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు కనబడినవి. 1979 నుండి అక్కడ కరెంటు తయారగుచున్నది. ఆ కేంద్రములోను, రైల్వేలోను పనిచేసి రిటైరైన కుటుంబాలు ఈ చుట్టుప్రక్కల చాలా ఉన్నవి. ఇప్పుడు ఇబ్రహీంపట్నము, కొండపల్లి కలిసి ఒకే మునిసిపాలిటీ.

బ్రోకరు మమ్మల్ని ఎనిమిది గంటలకే రమ్మన్నాడు. స్థలము కొండ అడుగున ఉన్నది. తలెత్తితే పైన రెడ్డిరాజుల నాటి కోట, వెనుక అడవి, చల్లని గాలి. నాకే అక్కడ కుర్చీ వేసుకొని కూర్చోవాలనిపించింది. బ్రోకరు తొమ్మిదింటికల్లా అడ్వాన్సు మాట ఎత్తాడు. అప్పుడు ఆవిడ, "మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉందామండీ. ఎండ ఎలా ఉంటుందో చూద్దాం" అన్నారు. బ్రోకరు ముఖము కొంచెము మారింది.

ఆవిడ అలా అనుటకు కారణమున్నది. వీరి అమ్మాయి అమెరికాలో అరిజోనా రాష్ట్రములో, ఫీనిక్సు పట్టణము దగ్గర ఉంటుంది. 2023లో ఇద్దరూ ఆరు నెలలు అక్కడున్నారు. ఆ సంవత్సరము ఫీనిక్సులో జూన్ ఆఖరు నుండి జూలై ఆఖరు దాకా వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. అది ఎడారి దేశము. అయినను మంచు కురిసే ఉత్తర రాష్ట్రాల నుండి పెద్దవారు వచ్చి అక్కడ స్థిరపడుతారు. పొడిగాలి, మంచు ఎత్తిపోసే పని లేదు, శీతకాలము హాయిగా ఉంటుంది. 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే కాంట్రాక్టరు ఫీనిక్సు ప్రక్కన సన్ సిటీ అని పెద్దవారి కోసమే ఒక ఊరు కట్టాడు. ఇంటిలో ఒకరికైనా 55 ఏళ్లు నిండి ఉండాలి. పిల్లలు చుట్టపుచూపుగా వచ్చి పోవచ్చునే గాని అక్కడ కాపురముండుటకు వీలులేదు. అమ్మాయి వీరిని ఒకరోజు ఆ ఊరు చూపించుటకు తీసుకువెళ్ళింది.

"రోడ్లు అద్దంలా ఉన్నయ్యండీ, గోల్ఫు ఆడే చిన్న బండ్లలోనే బజారుకు వెళ్లొస్తారు" అని గార్డుగారు మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రము, "ఊరంతా తిరిగినా ఒక్క చంటిపిల్ల ఏడుపు వినపళ్లేదయ్యగారూ" అన్నారు. శీతకాలము వచ్చి ఉండి, ఎండలు ముదరగానే చల్లని చోటికి వెళ్ళిపోయేవారు కూడ ఆ ప్రాంతములో చాలామంది ఉన్నారట. మన పెన్షనుతో రెండు ఇళ్ళెక్కడ?

పదకొండున్నరకు గాలి ఆగిపోయింది. ఒంటిగంటకు కొండరాయి పొయ్యిమీది పెనమువలె వేడి చిమ్మింది. అది ఏప్రిలే. మే నెలలో ఈ ప్రక్క 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు తెలియనివి కావు. ఫీనిక్సు ఎండ పొడి ఎండ. మనది చెమట ఆరనివ్వని ఎండ, అందులోను రాయి రాత్రికి గాని చల్లారదు. 2015 మే నెల వడగాలులకు మన రాష్ట్రములో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అరవై దాటినవారికి దాహము కూడ సరిగా తెలియదని డాక్టర్లు చెప్పుచుందురు. గనుక స్థలము చూడదలచినవారు మధ్యాహ్నము రెండు గంటలకు వెళ్ళుట మంచిది.

మరి నీటి భయము ఇక్కడ లేదా? ఉన్నది, అయితే చోటును బట్టి ఉన్నది. బుడమేరు ఈ కొండల మీదనుండియే దిగి కొల్లేరు వైపు పోవును. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదనీటిని కాలువ ద్వారా ఈ కొండపల్లి, ఇబ్రహీంపట్నము ప్రక్కగా కృష్ణలోనికి మళ్ళించారు. కృష్ణ తక్కువగా ఉన్నప్పుడు ఆ నీరు దిగిపోతుంది. 2024లో కృష్ణ కూడ నిండుగా వచ్చింది. ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. నదే నిండియుంటే కాలువ నీరు ఎక్కడికి పోతుంది? కట్టకు గండ్లు పడినవి. సింగ్ నగర్‌ను ముంచిన నీరు ఈ దారినే వచ్చింది. గార్డుగారికి ఈ సంగతి తెలియదు. నేను ఆ కాలువ కట్ట చూపించినప్పుడు చాలాసేపు మాటలాడలేదు. చివరకు, "అంటే ఆ నీళ్ల పుట్టింటికే కాపురానికి వస్తున్నామన్నమాట" అన్నారు. ఆవిడే ఆయనను ఓదార్చారు. "కొండ అడుగుకు రాలేదు కదండీ, కాలువ పక్కకే వచ్చింది" అన్నారు. నీటి సంగతి ఆవిడకు మాకంటె బాగా తెలియును.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. లింకు దస్తావేజులు, ముప్ఫై ఏళ్ల ఇ.సి., సి.ఆర్.డి.ఎ. అనుమతి, ఈ మూడూ చూడకుండ అడ్వాన్సు ఇవ్వరాదు. కొండవాలు స్థలమైతే అడవి హద్దు, పోరంబోకు హద్దు ఎక్కడున్నవో సర్వేయరుతో కొలిపించుకోవాలి. థర్మల్ కేంద్రము దగ్గరి వీధులలో అయితే గాలి లేచినప్పుడు బూడిద ఎటు వస్తుందో అక్కడ కాపురమున్న ఆడవారిని అడగండి, బ్రోకరును కాదు.

ఎండ తగ్గేవరకు బొమ్మల కాలనీలో కూర్చున్నాము. ఒక ఇంటి అరుగు మీద డెబ్బై దాటిన వృద్ధుడు తెల్లపొణికి కర్ర చెక్కుచున్నాడు. కర్రను ముందుగా వేడిచేసి తేమ పోగొట్టి, తల, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి అతుకుతారు. తరువాత రంగులు. కోడలు రంగు వేయుచుండగా మనుమడు ఆ ప్రక్కనే అంబారీ ఏనుగును నేలమీద నడిపిస్తున్నాడు. గార్డుగారు, "మీకు రిటైర్‌మెంటు ఎప్పుడండీ?" అని నవ్వుతూ అడిగారు. "కళ్లు కనపడకపోతే అండీ" అన్నాడు ఆయన, ఉలి ఆపకుండానే. ఆవిడ ఆ ఇంటి కోడలితో గంటసేపు మాటలాడారు. మంచినీళ్లు ఏ పూట వస్తాయి, రాత్రిపూట జ్వరమొస్తే ఎవరున్నారు, 108 ఎంతసేపటికి వస్తుంది, ప్రార్థనకు ఎక్కడికి వెళ్తారు, మెట్లు ఎన్ని, అన్నీ అడిగి తెలుసుకున్నారు. చివరిగా నన్ను ప్రక్కకు పిలిచి, "సమాధుల తోట ఎక్కడుందో కూడా కనుక్కోండి అయ్యగారూ" అన్నారు. నేను తడబడ్డాను. మన క్రైస్తవ కుటుంబాలలో చాలామంది ఈ ప్రశ్న అడుగుటకు సిగ్గుపడుతారు. ఆ అవసరము వచ్చిన రోజున పిల్లలు విమానములో ఉంటారు, సంఘపెద్దలు తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుచుంటారు. నేను అట్టి రోజులు చూచితిని.

మరొక మాట. ఇల్లమ్మిన డబ్బుతో కొనే స్థలము అబ్బాయి పేరున వ్రాయిద్దామని గార్డుగారి ఆలోచన. ఒక్కటే చెప్పాను. బ్రతికినంతకాలము మీ ఇద్దరి పేరున ఉండనివ్వండి. తప్పక ఇవ్వదలచితే, మిమ్మును పోషించాలనే షరతు దస్తావేజులోనే వ్రాయించండి. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టములో 23వ సెక్షను ప్రకారము, ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునలు ఆ దస్తావేజును రద్దు చేయవచ్చును. మన రాష్ట్రములో ఆర్.డి.ఓ.గారి దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఆయనకు నా మాట నచ్చలేదు. "మావాడు అలాంటివాడు కాదండీ" అన్నారు. కాడనే నేనూ నమ్ముచున్నాను.

ఇంత సలహా చెప్పిన నా సంగతి కూడ చెప్పవలెను. మేము కాపురముండేది సంఘము ఇచ్చిన ఇంటిలో. రిటైరైన నాడు తాళము అప్పగించి బయటకు రావాలి. నాకంటె ముందున్న కాపరిగారు సామాను లారీలో ఎక్కించి, ఎటు వెళ్ళాలో డ్రైవరుకు చెప్పలేక కొంతసేపు నిలబడియుండుట నేను చూచాను. ఆ సంగతి ఇంట్లో నా భార్యకు చెప్పలేదు. ఆ రోజు వారికి స్థలము చూపించుటకు వెళ్ళి, బ్రోకరును చాటుగా రెండు సెంట్ల ధర అడిగినది నేనే. అమరావతి నది అవతలే గనుక, ధర విన్న తరువాత మరల అడుగలేదు.

వారు ఆ స్థలము కొనలేదు. సింగ్ నగర్ ఇల్లు అమ్మలేదు, అద్దెకిచ్చారు. కొండపల్లి బజారుకు దగ్గరలో, మెట్లు లేని రెండు గదుల పోర్షను ఒక సంవత్సరమునకు తీసుకున్నారు. ఒక మే, ఒక వానాకాలము గడిపి చూచి అప్పుడు చెబుతామన్నారు. మే నెల గడిచింది. తడి గోనెపట్టాలు కిటికీలకు కట్టుకొని ఎలాగో గట్టెక్కామని ఆవిడ ఫోనులో చెప్పారు. వర్షము పడిన రాత్రి నిద్రపట్టుచున్నదా అని అడిగితే, "ఇంకా లేదండి. కానీ పక్కింటావిడ కూడా లేచే ఉంటోంది, ఇద్దరం అరుగుమీద కూర్చుంటున్నాం" అన్నారు. గార్డుగారికి మాత్రము గూడ్సు చప్పుడుకు హాయిగా నిద్రపట్టుచున్నదట.

ఆ రెండు సెంట్ల సంగతి మా ఇంట్లో ఇప్పుడు తెలిసిపోయింది. వచ్చే ఎండాకాలము మధ్యాహ్నము పూట నా భార్యను కూడ తీసుకువెళ్ళి చూపించాలి.