నొప్పి తెలియని పాదము



నా కుడి పాదములో తుమ్మముల్లు దిగిన సంగతి అది గుచ్చుకున్నప్పుడు నాకు తెలియలేదు. ఆ రాత్రి భోజనానికి కూర్చున్నాక మా చిన్నవాడు "నాన్నా, గచ్చు మీద రక్తం!" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మము దగ్గర నుండి నేను కూర్చున్న పీట వరకు వరుసగా మరకలు. ఆ రోజు ఉదయము నుండి నేను మూడు పల్లెలు తిరిగి వచ్చాను. ఎక్కడో చెరువు గట్టు మీద ముల్లు హవాయి చెప్పును చీల్చుకొని లోపలికి దిగి, అక్కడే విరిగిపోయింది. దాని మీదనే నేను పొద్దంతా నడిచాను.

"చూశావా, నా పాదాలు ఎంత గట్టివో!" అని నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు. "ఏవండీ, ఇంత ముల్లు దిగితే నొప్పి పుట్టకపోవడమేమిటి? నాకు భయంగా ఉంది" అన్నది. ముల్లు తీసి, పసుపు అద్ది, గుడ్డ కట్టి ఊరుకున్నాము.

అప్పటికి రెండేళ్ల క్రితమే ఒక వైద్య శిబిరములో నాకు షుగరు ఉన్నదని చెప్పారు. బిళ్లలిచ్చారు. కొన్నాళ్లు వేసుకున్నాను, కొన్నాళ్లు మానాను. ఒంట్లో ఏ బాధా లేదు గదా అనేది నా ధైర్యము. బాధ లేకపోవడమే నా జబ్బు అని నాకు అప్పుడు తెలియదు.

మూడవ రోజుకు పాదము వాచింది. అయిదవ రోజు చలిజ్వరము వచ్చింది. కట్టు విప్పితే చీము. బస్తీలోని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. రక్తములో చక్కెర నాలుగు వందలు దాటి ఉంది.

డాక్టరమ్మగారు ఒక సన్నని నైలాను పోగు తీసుకొని, "పాస్టరు గారూ, కళ్లు మూసుకోండి. పాదానికి ఇది తగిలిన ప్రతిసారీ 'తగిలింది' అని చెప్పండి" అన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. మూడుసార్లు చెప్పాను. తరువాత ఎంతసేపటికీ ఏమీ తగలలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకొని కళ్లు తెరిచాను. "పదిచోట్ల తగిలించాను, మీకు తెలిసింది మూడుచోట్లే" అన్నారామె. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది.

ఆ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాను. అక్కడ నేర్చుకున్నది మీతో చెప్పాలని ఇది వ్రాస్తున్నాను. ఒక తప్పు ఒప్పుకోవడానికి కూడా వ్రాస్తున్నాను.

మన శరీరములో కొన్ని గ్రంథులున్నవి. అవి కొన్ని పదార్థాలను తయారుచేసి నేరుగా రక్తములోనికి వదులుతాయి. రక్తము వాటిని దూరముగా ఉన్న అవయవాలకు చేరవేస్తుంది. ఒకచోట నుండి మరొకచోటికి ఆజ్ఞలు మోసుకుపోయే ఈ పదార్థాలకు 1905లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ హార్మోన్లు అని పేరు పెట్టాడు. పురికొల్పేవి అని అర్థము. ఎదుగుదల, ఆకలి, నిద్ర, బిడ్డకు పాలు పడడము, వీటన్నిటి వెనుక ఏదో ఒక హార్మోను ఉన్నది.

పొట్ట వెనుక ఉండే క్లోమగ్రంథి తయారుచేసే హార్మోనే ఇన్సులిన్. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో కలుస్తుంది. ఆ చక్కెర ఒంట్లోని కణాలలోనికి పోవడానికి ఇన్సులిన్ కావాలి. డాక్టరమ్మగారు చెప్పినది నేను మా రైతుల భాషలో ఇలా అర్థము చేసుకున్నాను. కాలువ నిండుగా పారుతున్నా, లస్కరు వచ్చి తూము తీయకపోతే మడిలోనికి చుక్క నీరు దిగదు. పైరు ఎండిపోతుంది, అవతల కాలువ గట్టు కోసుకుపోతుంది. ఇన్సులిన్ ఆ లస్కరు వంటిది. అది చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా, రక్తములో చక్కెర పొంగిపోతుంది, ఒళ్లు మాత్రము నీరసించిపోతుంది. ఏళ్ల తరబడి అలా పొంగిన చక్కెర రక్తనాళాలను, నరాలను పాడుచేస్తుంది. నరాలలో పొడుగైనవి పాదాలకు పోయేవి గనుక మొదట పాదాలే మొద్దుబారుతాయి.

ఇక సూక్ష్మజీవుల సంగతి. స్టెఫైలోకాకస్ వంటివి మన చర్మము మీద, ముక్కులో ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. చర్మము చిట్లనంతవరకు వాటి వలన సాధారణముగా హాని లేదు. ముల్లు వాటికి దారి చేసింది. వాటిని ఎదిరించవలసిన తెల్ల రక్తకణాలు చక్కెర ఎక్కువైన రక్తములో చురుకుగా పనిచేయలేవు. రక్తనాళాలు సన్నబడినచోటికి అవి సరిగా చేరనూ లేవు. అంతటితో అయిపోలేదు. సూక్ష్మజీవులు దాడి చేసినప్పుడు శరీరము ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే మరి రెండు హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. ఆపదలో బలము కొరకు అవి రక్తములో చక్కెరను ఇంకా పెంచుతాయి. పుండు వలన చక్కెర పెరుగుతుంది, చక్కెర వలన పుండు ముదురుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. క్షయ విషయములోనూ అంతే. షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశము రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఆ డాక్టరమ్మగారు వేలూరులో చదివినవారు. ఒక సాయంత్రము కట్టు మారుస్తూ డాక్టర్ పాల్ బ్రాండ్ గారి గురించి చెప్పారు. ఆయన 1914లో తమిళనాడు కొండలలో మిషనరీ దంపతులకు పుట్టాడు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, కాళ్లకు శస్త్రచికిత్సలు చేశాడు. కుష్ఠు క్రిమి 1873లోనే హాన్సెన్ కనిపెట్టినది. ఆ క్రిమి మాంసమును కుళ్లబెట్టుట వలన వేళ్లు రాలిపోతాయని లోకమంతా నమ్మేది. బ్రాండ్ గారు రోగులను ఓపికగా గమనించి వేరే సంగతి గ్రహించాడు. క్రిమి నరాలను చంపుతుంది. స్పర్శ పోయిన మనిషి పొయ్యి మీది కుండను ఒట్టి చేతులతో దించుతాడు, మేకు మీద నడుస్తాడు. వేళ్లు పోయేది ఎక్కువగా ఈ తెలియని గాయాల వలననే. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, షుగరు రోగుల పాదాలలో కూడా అదే జరుగుతున్నదని చూచి, వేలూరులో నేర్చిన జాగ్రత్తలనే వారికి నేర్పాడు. నొప్పి మనకు కావలి కాసేదని ఆయన చివరివరకు చెబుతూ వచ్చాడు. 2003లో మరణించాడు.

ఒకచోట సూక్ష్మజీవి, మరొకచోట హార్మోను కొరత. రెండూ వచ్చి చేరేది నొప్పి తెలియని పాదము దగ్గరకే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘములోని ఒక పెద్దాయన గుర్తుకు వచ్చాడు. ఆయనను తాత అని పిలుస్తాను. ఈ సంగతి ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను.

నాకు ముల్లు దిగడానికి రెండేళ్ల ముందు సంగతి. ఒక ఆదివారము ఆరాధన ముగిశాక తాత నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, డాక్టరు నన్ను ఇన్సులిన్ సూది మొదలుపెట్టమంటున్నాడు. అది మొదలుపెడితే ఇక చచ్చేదాకా మానకూడదంట గదా. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. నేను పక్క ఊరి ఆరాధనకు ఆలస్యమవుతున్నదని బండి మీద కూర్చొని ఉన్నాను. "అది ఆఖరి మందు తాతా. ఇప్పుడే ఎందుకు? అన్నం తగ్గించు, ప్రార్థన చేసుకుందాము. ముందు ముందు చూద్దాము" అని బండి స్టార్టు చేశాను.

నేను చదివినది వేదాంత డిప్లొమా. అందులో ఇన్సులిన్ గురించి ఒక్క పేజీ లేదు. అయినా ఊరిలో అయ్యగారి మాట డాక్టరు మాట కంటె పెద్దది. ఏడు నెలల తరువాత తాత కాలి బొటనవ్రేలికి చిన్న పుండు లేచింది. వ్రేలు నల్లబడింది. చివరకు మోకాలి కింద నుండి కాలు తీసివేశారు. నేను మంచము పక్కన నిలిచి ప్రార్థన చేశాను. ఆ ఆదివారము మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ప్రార్థన చేయుదమని చెప్పడము నా తప్పు కాదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పడము నా తప్పు.

ఆసుపత్రిలో నాకు కూడా ఇన్సులిన్ మొదలుపెట్టారు. తాత అడిగిన ప్రశ్ననే నేనూ అడిగాను. నర్సమ్మ నవ్వి, "ఆకలికి అన్నం అలవాటయిందని మానేస్తామా, అయ్యగారూ? ఒంట్లో తక్కువైనదే బయట నుండి ఇస్తున్నాము" అన్నది. కొందరికి పుండు మానినాక, చక్కెర అదుపులోనికి వచ్చాక డాక్టరే సూది తగ్గించి బిళ్లలకు మారుస్తారట. కొందరికి ఎప్పటికీ అవసరమే. ఎవరికి ఏది అన్నది డాక్టరు చెప్పవలసినది, మనము కాదు.

ఆ చిన్న సీసా వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనేవారు కుక్కల క్లోమము నుండి ఈ పదార్థమును తీశారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే బాలునికి మొదటిసారి ఇచ్చారు. చావుకు సిద్ధముగా ఉన్న ఆ పిల్లవాడు ఆ తరువాత పదమూడేళ్లు బ్రతికాడు. కనిపెట్టినవారు తమ హక్కును తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. అప్పటి నుండి చాలా ఏళ్లు పశువుల, పందుల క్లోమము నుండే ఇన్సులిన్ తీసేవారు. 1978లో అమెరికా శాస్త్రవేత్తలు మనిషి ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యువును ఇ.కోలై అనే సూక్ష్మజీవిలో పెట్టి, దాని చేత ఇన్సులిన్ చేయించారు. 1982లో అది మందుగా వచ్చింది. ఇ.కోలై మన పేగులలో నివసించేదే. నేడు రొట్టెను పొంగించే ఈస్టుతో కూడా ఇన్సులిన్ తయారుచేస్తున్నారు.

ఈ సంగతి విన్నప్పుడు నేను ఆశ్చర్యపోయాను. నా పాదమును తినివేస్తున్నది సూక్ష్మజీవే, నాకు కొరతైన హార్మోనును చేసి పెడుతున్నదీ సూక్ష్మజీవే. చీమును ఆర్పే మందుల సంగతీ అంతే. మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించారు. ఆయన క్రింద పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ పొలము మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో లోకానికి అందిన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. అయితే ఇటువంటి మందులను సగములో ఆపివేసినా, దుకాణములో అడిగి రెండు బిళ్లలు మింగి ఊరుకున్నా, చావక మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా తయారుకావచ్చును. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన మోతాదులో వాడవలెను.

దేవుని కృప వలన నా పాదము దక్కింది. ఇంటికి వచ్చిన మూడవ రోజున కర్ర ఊతతో తాత ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చొని జైపూర్ కాలు పట్టీలు బిగించుకుంటున్నాడు.

"తాతా, ఆ రోజు నేను అలా చెప్పకుండా ఉండవలసినది. నన్ను క్షమించు" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "అయ్యగారూ, నాకు సూదంటే భయం. మీరు వద్దంటారని తెలిసే మీ దగ్గరకొచ్చాను. తప్పు మీ ఒక్కరిదే కాదు." పట్టీ బిగించి లేచి నిలబడ్డాడు. "కాని ఇంకెవరైనా అడిగితే మాత్రం బండి దిగి మాట్లాడండి."

ఆ మాట నేను మరువలేదు. ఇప్పుడు మా మందిరము మెట్ల నుండి చెప్పులు విడిచే చోటు వరకు తాటాకు పందిరి వేసి, క్రింద గోనెపట్టాలు పరిచాము. ఎండాకాలములో కాలే బండ మీద అడుగు పెట్టి, బొబ్బ లేచినా తెలియనివారు మా సంఘములోనే నలుగురున్నారు. స్త్రీల కూడికలో నెలకొకసారి నర్సమ్మ వచ్చి పాదాలు చూస్తున్నది.

మీ ఇంటిలో షుగరు ఉన్నవారుంటే ఈ కొద్ది పనులు చేయండి. ప్రతి రాత్రి పాదాలు కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. అరికాలు తమకు తాము చూచుకోలేని ముసలివారికి మనుమలో మనుమరాళ్లో దీపము పెట్టి చూడవలెను. చెప్పు వేసుకునే ముందు బోర్లించి దులపండి, అడుగున ముల్లున్నదేమో చూడండి. ఇంటిలో కూడా ఒట్టి కాళ్లతో తిరుగవద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టే ముందు వేరొకరి చేతితో వేడి చూడండి. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు. చిన్న పుండయినా పసరు కట్టి ఊరుకోక, ఆ రోజే ఆసుపత్రికి చూపించండి. ఇన్సులిన్ వాడేవారి ఇంటిలో ఫ్రిజ్ లేకపోతే, సీసాను తడి తగలని డబ్బాలో మూసి నీళ్లకుండలో ఉంచమని నర్సమ్మ మాకు నేర్పింది.

మా ఇంటిలో రాత్రి భోజనమైన తరువాత మా చిన్నవాడు టార్చిలైటు తెచ్చి నా పాదాల దగ్గర కూర్చుంటాడు. వ్రేళ్లన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు. "పదీ ఉన్నాయి నాన్నా" అని చెప్పి నిద్రకు పోతాడు.