ఆటోనగర్‌లో నాలుగు అంకెలు

బెజవాడలో బందరు రోడ్డు పట్టుకుని బెంజి సర్కిల్, పటమట దాటితే ఊరి చప్పుడే మారిపోతుంది. సుత్తి దెబ్బలు, వెల్డింగ్ చిటపటలు, లేత్ మిషన్ల గీర. అదే ఆటోనగర్. లారీ బాడీలు కట్టే షెడ్డు, రేడియేటర్లకు మాట్లు వేసే కొట్టు, పాత స్పేర్ పార్టుల గుట్టలు... బండిలో ఏది పాడైనా ఇక్కడ దానికో మేస్త్రీ ఉంటాడు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు పెయింటు చూస్తారు, సీట్లు చూస్తారు, మీటరు చూస్తారు. పెయింటు కొత్తగా కొట్టొచ్చు, మీటరు వెనక్కి తిప్పొచ్చు. ఇంజిన్ లోపలి ఒత్తిడిని దాచడం మాత్రం కష్టం. అందుకే తెలిసినవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే కంప్రెషన్ చూపించుకుంటారు.

మొన్న ఓ షెడ్డులో అదే జరుగుతోంది. కొనబోయేది ఒక డ్రైవరు కుర్రాడు. పదేళ్లుగా ఓనర్ల బండ్లే తోలాడట. చీటీ పాడిన డబ్బు జేబులో ఉంది. కారు నాలుగు సిలిండర్ల పెట్రోలుది, గ్యాస్ కిట్ కూడా ఉంది. అమ్మే ఆయన "ప్లగ్గులు మారిస్తే చాలండీ, ఇంజిన్ బ్రహ్మాండం" అంటున్నాడు.

మేస్త్రీ ఏమీ అనలేదు. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ ఊడదీశాడు. పెట్రోలూ, ఇగ్నిషన్ కరెంటూ ఆపేశాడు. గేజి బిగించి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కించి సెల్ఫ్ కొట్టించాడు. 170, 168, 115, 172 పీఎస్ఐ.

"కంపెనీ చెప్పే అంకె బండి బండికీ మారుద్ది బాబూ. ముందు నాలుగూ కలిసున్నాయా లేదా చూడు. పది, పదిహేను శాతం తేడా అయితే పర్లేదు. ఇది మూడోవంతు పడిపోయింది."

నాలుగూ ఒకేలా తగ్గితే ముందు బ్యాటరీ చూడాలట. సెల్ఫ్ నీరసంగా తిరిగినా, టైమింగ్ బెల్టు పన్ను జారినా అలాగే పడిపోతాయి. పక్కపక్క రెండు తగ్గితే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

కుర్రాడి మొహం వాడిపోయింది. మేస్త్రీ మూడో సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. 118. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందులు మూసేది, అంకె బాగా లేచేది. లేవలేదు కాబట్టి తప్పు పైన వాల్వుల్లో ఉన్నట్టు. చివరికి పిస్టన్‌ను పైకి తెచ్చి, వాల్వులు రెండూ మూసుకున్న చోట ఆపి, ప్లగ్గు కన్నంలోంచి గాలి పట్టించాడు. ఆయిల్ మూత దగ్గర చప్పుడు లేదు. రేడియేటర్లో బుడగల్లేవు. సైలెన్సర్ గొట్టంలో మాత్రం బుస్సుమంది. ఎగ్జాస్ట్ వాల్వు! గ్యాస్ మీద తిరిగిన బండ్లలో వాల్వు సీట్లు త్వరగా దెబ్బతినడం మామూలే.

"హెడ్ దించితే చాలు. బోరు జోలికి పోనక్కర్లేదు" అన్నాడు మేస్త్రీ.

బేరం మళ్లీ మొదలైంది. హెడ్ పని ఖర్చు తగ్గిస్తేనే అడ్వాన్సు అన్నాడు కుర్రాడు. ఓనరు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

మీరూ పాత కారు చూస్తుంటే అంకెలు నాలుగూ కాగితం మీద రాయించుకోండి. ఆయిల్ పోయకముందు ఎంత, పోశాక ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. డీజిలు బండికైతే గేజి వేరు, అంకెలు రెట్టింపుకు పైనే ఉంటాయి. టెస్టుకు ఓనరు ససేమిరా అంటే ఆటోనగర్‌లో టీ తాగి ఇంటికెళ్లిపోండి. ఇంకో బండి దొరుకుతుంది.