కాలిన పిస్టన్ చెప్పిన పాఠం

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు నాలుగు రోజులుగా వెంటపడుతున్నారు. కథలు రాయడం నాకు చేతకాదు. కవిత్వం జోలికి పోతే హాస్టలు మిత్రులు ఊరుకోరు. మెకానికల్ విద్యార్థిని గనుక ఒక ఇంజను గురించే రాస్తాను. ఇందులో నా తెలివికంటె తెలివితక్కువతనమే ఎక్కువగా కనిపిస్తే చదువరులు మన్నించాలి.

మా మేనమామది సోమశిల. కృష్ణ ఒడ్డున కూడా ఒక సోమశిల ఉంది గాని, ఇది నెల్లూరు జిల్లాలో పెన్న మీది సోమశిల. కొండల నడుమ 78 టి.ఎం.సి.ల నీళ్లు పట్టే జలాశయం. చెన్నైకి పోయే తెలుగుగంగ నీళ్లు కూడా ఇందులోకి వచ్చే కండలేరు దారి పడతాయి. మామ ఆ నీళ్లమీద చేపలు పట్టి బతికే మనిషి. 2021 నవంబరు వరదలో ఆయన పాత పడవ కొట్టుకుపోయింది. అప్పు చేసి ఇంకో పడవ కొన్నాడు. దాని వెనక తగిలించడానికి, ఎవరి కొట్టంలోనో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న రెండు సిలిండర్ల అవుట్‌బోర్డు ఇంజనొకటి చవగ్గా తెచ్చుకున్నాడు.

పోయిన ఎండాకాలం సెలవులకు నేను వెళ్లేసరికి ఆ ఇంజను నీరసపడి ఉంది. బొచ్చె చేపలు నాలుగు బుట్టలు ఎక్కితే చాలు, ఇరవై నిమిషాల దారి నలభై అవుతోంది. ఎండకు చేప మెత్తబడితే బేరగాడు సగం ధరే ఇస్తాడు. "ఇంజనీరువి గదా అల్లుడా, నువ్వే చూడు" అన్నాడు మామ.

చూశాను. పడవలవాళ్లు ఫ్యాను అనే ప్రొపెల్లరు దాని బుష్ మీద జారుతుంటే ఇంజను గోల పెడుతుంది, పడవ మాత్రం కదలదు. ఇక్కడ ఇంజనే గొంతెత్తడం లేదు. పెట్రోలు గొట్టం, ఫిల్టరు, ట్యాంకు మూత గాలిరంధ్రం బాగానే ఉన్నాయి. ఇంజన్ను చల్లబరిచే నీటిధార నిండుగానే వస్తోంది. స్టార్టరు తాడు లాగితే మాత్రం మునుపటి బిగువు లేదు. ఆత్మకూరు నుంచి గేజి తెచ్చి కంప్రెషన్ చూస్తే కింది సిలిండరు 115 పౌన్లు, పైది 65. పదోవంతుకు మించి తేడా ఉంటేనే అనుమానించాలి. ఇది దాదాపు సగం! పై ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, దాని మొన మీద చిన్న చిన్న అల్యూమినియం పూసలు. హెడ్డు విప్పితే పై పిస్టన్ పక్కలు గీరుకుపోయి, రింగు గాడిలో అతుక్కుపోయి కనిపించింది.

టూస్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో కలిపిన ఆయిలే ప్రాణం. దీనికి యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు. నాకు జవాబు వెంటనే దొరికిపోయింది. ఒడ్డున నలుగురు జాలర్లు వింటుండగానే, "ఆయిలు డబ్బులు మిగల్చబోయి ఇంజన్ను చంపుకున్నావు మామా" అన్నాను. "కొలిచే పోశాన్రా" అన్నాడాయన. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ సిగ్గేస్తుంది.

అత్త కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. కొత్త పిస్టన్, రింగులు వచ్చాయి. ఆయిలు ఇక నేనే స్వయంగా కొలిచి కలిపాను. ఇంజను బ్రహ్మాండంగా లాగింది. ఐడిల్లో మాత్రం ఒకసారి ఉరికి ఒకసారి మూలిగేది. కొత్త రింగులు, సర్దుకుంటాయని చెప్పాను.

పదకొండోనాటి సాయంత్రం, గాలి లేచిన వేళ, నడినీళ్లలో 'టక్'మని ఆగిపోయింది. పడవలో ముగ్గురం. రెండు గంటలు తెడ్లు వేసి ఒడ్డు చేరాం. ఎవరూ ఒక్కమాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. విప్పి చూస్తే, కాలింది మళ్లీ పై పిస్టనే.

మామ బీడీ ముట్టించి నెమ్మదిగా అడిగాడు: "ఒకే కుండలో కూడు ఇద్దరు తిని, ఒకడికే వాంతులైతే, తప్పు కూడుదంటావా అల్లుడా?"

నాకు నోట మాట రాలేదు. రెండు సిలిండర్లకూ ఒకటే కార్బురేటరు, ఒకటే పెట్రోలు, ఒకటే ఆయిలు. ఆయిలు తక్కువైతే రెండూ కాలాలి. కనుక రోగం పై సిలిండరుకు మాత్రమే చెందినదై ఉండాలి. పై సిలిండరుకు మాత్రమే ఉన్నది ఏమిటి? క్రాంక్ షాఫ్టు పైకొసన, ఫ్లైవీలు కింద ఉండే ఆయిల్ సీలు!

ఫ్లైవీలు తీశాం. ఎగ్జాస్టు దారి రబ్బరు ముక్కతో మూసి, కార్బురేటరు ఉండే నోట్లో గొట్టం బిగించి, సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టాం. సీలు చుట్టూ సబ్బునీళ్లు పోయగానే బుడగలు లేచాయి. మూలపడి ఉన్న ఏళ్లలో సీలు ఎండి గట్టిపడిపోయింది. గాలి బయటికి పోయే దారినే లోపలికీ వస్తుంది. అలా దొంగగాలి చేరి పై సిలిండరులో మిశ్రమం పలచబడింది. పలచబడితే పెట్రోలుతోపాటు ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ కరుగుతుంది. ఐడిల్లో ఆ ఉరుకూ మూలుగూ ఈ సంగతే మొరపెట్టుకున్నాయి. నేను వినిపించుకోలేదు. పిస్టన్‌తో పోలిస్తే సీలు ఖరీదు ఒక లెక్కలోది కాదు.

మర్నాడు అదే ఒడ్డున, అదే జాలర్లు వింటుండగా, "తప్పు నాది మామా, నువ్వు కొలిచే పోశావు" అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే, "సరేలేరా, ఆ తెడ్లు మాత్రం పడవలోంచి తియ్యబాక" అన్నాడు. అత్త కమ్మలు ఇంటికి రావడానికి మరి నాలుగు నెలలు పట్టింది.

మొన్న వైవాలో పిస్టన్ ఎందుకు చెడుతుందని అడిగారు. ఆయిలు లోపం, అతివేడి, పలచని మిశ్రమం అని వరసగా అప్పజెప్పాను. మార్కులు బాగానే పడ్డాయి. కాని "రెంటిలో ఏది చెడింది, రెండోది ఎందుకు బాగుంది?" అని ముందు అడగాలన్నది మాత్రం నాకు సోమశిల ఒడ్డున, బడి ముఖం చూడని మా మామ నేర్పిందే.