గండి చూసినవాడు

మాది బోగోలు. నాయనది వరి సేద్యం. రాత్రిపూట కాలువకు గండి పడితే, మొదట చూసినవాడే కేకేస్తాడు. అది ఎవరి కయ్య అని చూడడు.

కాలేజీలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు నేర్చుకుంటున్నాను. 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్ ఆరంభించిన ఈ పనిని, 1996 నుండి దేశదేశాలవారు కలిసి సాగిస్తున్నారు. ఏటా కొత్త కూర్పు, మూడు నెలలకొకసారి తప్పుల సవరణ! తప్పు చూపినవారి పేర్లనూ కృతజ్ఞతతో అచ్చువేస్తారు.

మరి నేనో? హాస్టలు మెస్సు లెక్కలకు నేను రాసిన ప్రోగ్రాములో, ఇద్దరు ఒకేసారి పద్దు రాస్తే ఒకరిది మాయమవుతోందని మిత్రుడు చూపాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

సంగతి విని నాయన నవ్వాడు. "గండి చూపినోడి మీద కోపమేందిరా అబ్బయ్యా! వాడు నోరు మూసుకుంటే నీళ్లు నిలుస్తాయా?"

మరునాడే మిత్రుని గది తలుపు తట్టాను. ఆ గండిని ఇద్దరమూ కలిసి పూడ్చాము.