ఒహ్వేలా పాషాణాలు

తొర్రెయోన్ నుంచి బెర్మెహియో దాకా రోడ్డుకు ఇరుపక్కలా పశుగ్రాసం మడులు. మెక్సికోలో పాడికి పేరుపడ్డ లగూనా ప్రాంతం ఇది. ఈ ఎడారిలో అంత పచ్చదనానికి నీళ్లెక్కడివి అంటే, బోర్లవే. ఆ బోర్ల నీళ్లలో ఆర్సెనిక్ ఉంది. అరచేతులు గట్టిపడి ఒంటి మీద మచ్చలు తేలే జబ్బు ఇక్కడి పల్లెల్లో 1960ల నుంచీ వైద్యుల రికార్డుల్లోకి ఎక్కుతూనే ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లు చూసినవాణ్ణి కనక చేతిలోని మంచినీళ్ల సీసాను ఇంకోసారి తిప్పి చూసుకున్నాను. నేను వెతుక్కుంటూ వచ్చింది కూడా ఆర్సెనిక్‌నే. అయితే రాతిలో కూర్చుని రంగు తేలిన ఆర్సెనిక్‌ని.

బెర్మెహియో దగ్గర పడమటికి తిరిగితే మపిమీ. 1811లో మెక్సికో స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఇదాల్గో పాదిరీని బందీగా చివావా తీసుకెళ్తూ ఈ ఊళ్లోనే ఆపారట. ఊరు దాటాక కొండదారి. డాలస్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన మా బావమరిది ఆ మలుపుల్లో ఒక్క మాటా మాట్లాడలేదు. ఒహ్వేలా గనికి దారితీసే వంతెన ముందు దిగాకే నోరు విప్పాడు: “బావా, ఇదా? దీని మీద నడవాలా?”

నడవాల్సిందే. గని అవతలి కొండలో ఉంది. మధ్యలో దాదాపు వంద మీటర్ల లోతు లోయ, దాని మీద 300 మీటర్లకు పైబడిన వేలాడే వంతెన. బ్రూక్లిన్ వంతెన పనిలో ఉన్న హిల్డెన్‌బ్రాండ్ అనే జర్మన్ ఇంజినీరు 1890లలో దీన్ని రూపొందించాడు. అప్పట్లో దీని మీద ముడిఖనిజం బండ్లు నడిచేవి. ఇప్పుడు నాలాంటివాళ్లు కమ్మీ వదలకుండా నడుస్తున్నారు. చెక్కల సందుల్లోంచి లోయ కనిపిస్తూనే ఉంటుంది. కిందికి చూడకు అని నాకు చెప్పిన బావమరిదే మాటిమాటికీ కిందికి చూశాడు.

స్పెయిన్‌వాళ్లు 1598లో ఇక్కడ వెండి కనుక్కున్నారు. తర్వాత మూడు శతాబ్దాలకు పైగా తవ్వకం వెండి కోసం, సీసం కోసం. పెన్యోలెస్ కంపెనీ వచ్చి వంతెన కట్టింది, కొండ మీద ఊరినే నిలబెట్టింది. 1930లలో సరుకు తగ్గి, అడుగున నీళ్లు మీదపడి, కంపెనీ వెళ్లిపోయింది. ఊరు మొండిగోడలైంది. ఆ తర్వాత మిగిలినవాళ్లు గంబుసినోలు, అంటే సొంత రెక్కలతో, సొంత పూచీతో తవ్వుకునే చిన్న గనివాళ్లు. మాకు దారి చూపించిన పెద్దాయనా అలాంటివాడే.

గని లోపల గాలి పొడిగా ఉంది. ఎంత పొడి అంటే, ఎప్పుడో చచ్చిన కంచరగాడిద ఒకటి కుళ్లకుండా ఎండి, తోలుతో సహా నిలిచిపోయింది. పర్యాటకులు దానికి ఫోటోలు తీసుకుంటారు. నన్నడిగితే అది ఈ గని రసాయనశాస్త్రానికి ముందుమాట. ఇక్కడ భూగర్భజలం చాలా లోతున ఉంది. అందువల్ల పైనుంచి ఎప్పుడో కురిసిన కాస్త వాన నీరు ఆక్సిజన్‌ని వెంటబెట్టుకుని సున్నపురాయి పగుళ్లలోంచి వందల మీటర్లు దిగగలిగింది. దారిలో ఆర్సెనోపైరైట్‌ని తిని ఆర్సెనిక్‌ని విడదీసింది, స్ఫాలరైట్‌ని కరిగించి జింకును విడదీసింది. పుట్టిన ఆమ్లాన్ని సున్నపురాయి మింగేసింది. ఇనుము తుప్పుముద్దలై, ఆ తుప్పులో గూళ్లు మిగిలాయి. ఆ గూళ్లలో జింకూ ఆర్సెనిక్కూ మళ్లీ కలిసి, తీరిగ్గా స్ఫటికాలు కట్టాయి. అలా పుట్టిందే ఆడమైట్. లోపల కొంచెం నీరు ఎక్కువగా పట్టుకున్నది లెగ్రాండైట్. ఇక్కడే మొదట దొరికి 1981లో శాస్త్రలోకంలోకి వచ్చిన రెండు ఆర్సెనేట్లకు ఈ చోటి పేర్లే పెట్టారు: మపిమైట్, ఒహ్వేలైట్.

వెండి కోసం వచ్చినవాళ్లకు ఈ ఆర్సెనిక్ ఒక పీడ. కొలిమిలో వేస్తే విషపు పొగ. అదే ఇవాళ వంతెన దాటి వచ్చేవాళ్ల జీవనాధారం.

పెద్దాయన జేబులోంచి చిన్న అతినీలలోహిత దీపం తీసి గోడకు చూపించాడు. అప్పటిదాకా మట్టిరంగు పొక్కుల్లా ఉన్నవి ఆకుపచ్చగా భగ్గుమన్నాయి. ఆ వెలుగు ఆడమైట్‌లో చిటికెడు చేరిన యురేనియం వల్ల. పగటి వెలుగులో ఆడమైట్‌ది నిమ్మపండు పసుపు, రాగి కలిస్తే ఆకుపచ్చ, మాంగనీసు కలిస్తే ఊదా. ఊదా రకం 1981లో సాన్ హూదాస్ అనే భాగంలో బయటపడింది. అలాంటిది మళ్లీ రాలేదని ఆయన అన్నాడు. చెబుతున్నప్పుడు గొంతులో బాధ లేదు, లెక్క ఉంది. లెగ్రాండైట్ సంగతి వచ్చేసరికి మాత్రం రెండు చేతులూ ఎడంగా చాచాడు. 1979లో దొరికిన ‘అజ్టెక్ సూర్యుడు’ పొడవు ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. దాని పసుపు ఫోటోలోనే కళ్లు చెదరగొడుతుంది.

మపిమీకి తిరిగొచ్చి ఆయన ఇంటి వరండాలో కూర్చున్నాం. పాత వార్తాపత్రికల్లో చుట్టిన రాళ్లు బల్ల మీద పరిచాడు. గోరంత స్ఫటికాలున్న ఆడమైట్ ముక్క ఒకటి ఏరుకున్నాను. బేరం మా బావమరిది స్పానిష్‌లో ఆడాడు. రెండు మాటల తర్వాత నేనే ఆపమన్నాను. ఆ ముక్క అమెరికాలోని టూసాన్‌లో ఫిబ్రవరిలో జరిగే ఖనిజాల సంతకు చేరితే ధర ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చేతులు కడుక్కోమని ఆయన భార్య సబ్బు తెచ్చి ఇచ్చింది. ఈ ఇంట్లో భోజనానికి ముందు అది నియమమట.

“మీ దేశంలో ఇలాంటివి ఉన్నాయా సెన్యోర్?”

పూనా దగ్గర వాఘోలిలో నీలం కావన్సైట్ దొరుకుతుందని చెప్పబోయాను. ‘పూనా’ అనగానే ఆయన లేచి లోపలికి వెళ్లాడు. తెల్లటి స్టిల్బైట్ ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు. ఏదో సంతలో రెండు ఆడమైట్లిచ్చి మార్చుకున్నాడట. “నాకు మోసం జరిగిందా?” అని అడిగాడు. అక్కడ ధర ఎంతుంటుందో నాకు తెలియదన్నాను. మా బావమరిది ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు.