అమ్మకు మాటలు వినబడే గది



ఇంటిలో సినిమా గది ఏర్పాటు చేసుకున్న పాస్టరును గూర్చి ఈ పత్రికలో చదువుతామని మీరు అనుకొని ఉండరు. వ్రాస్తానని నేనూ అనుకోలేదు. అయితే ఈ సంగతి ఊరిలో నాకంటె ముందే నడిచి వెళ్లింది గనుక, అసలు జరిగినదేమిటో నేనే చెప్పుట మంచిదని తోచింది.

మా అమ్మకు 78 ఏండ్లు. నాలుగేండ్లుగా చెవులు మందగించాయి. డాక్టరుగారు పరీక్షించి యంత్రం ఇచ్చారు. దానిని ఆమె మందిరానికి వచ్చేటప్పుడు పెట్టుకుంటుంది, ఇంటికి రాగానే తీసి కొంగున ముడి వేస్తుంది. టీవీ ముందు కూర్చుంటే “ఏమన్నాడ్రా?” అని అడిగేది. మేము చెప్పేలోపు ఇంకో నాలుగు మాటలు దాటిపోయేవి. పిల్లలు మొదట్లో ఓపికగా చెప్పారు. తరువాత “ఏం లేదులే నానమ్మా” అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆమె వరండాలో మంచం వేయించుకొని అక్కడే ఉండిపోయింది. పిల్లలు చెరొక ఫోను పట్టుకొని చెరొక మూలకు వెళ్లారు. హాలులో టీవీ ఎవరికోసం మాట్లాడుతున్నదో దానికే తెలియాలి.

‘కరుణామయుడు’ చిత్రం 1978లో వచ్చింది. నేను దానిని చూచింది ఆ తరువాత చాలా ఏండ్లకు, మా ఊరి వీధిలో, రెండు వెదురు గడలకు కట్టిన తెల్లని తెర మీద. నాకు ఎనిమిదేండ్లు ఉంటాయేమో. 16 ఎం.ఎం. ప్రొజెక్టరు టకటకలాడుతుంటే, గరాటు మైకులోనుండి వచ్చే మాటలు సగం గాలికి పోయేవి. చోటు చాలక తెర వెనుక కూర్చున్నవారికి బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనబడేది, అయినా ఎవరూ లేవలేదు. అమ్మ నన్ను ఒడిలో పెట్టుకొని, తనకు వినబడిన ప్రతి మాటను నా చెవిలో మరల చెప్పింది.

పోయిన వేసవిలో నా భార్యకు చీటీ డబ్బు 30,000 రూపాయలు చేతికి వచ్చింది. “మీ అమ్మగారు మళ్లీ మనతో కూర్చునేలా ఏమైనా చేయండి” అని మొత్తం నాకే ఇచ్చింది. పాస్టరుగారి ఇంటి వెనుక గది, 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, విరిగిన బల్లలతో పాత పుస్తకాలతో నిండి ఉండేది. ఇల్లు సంఘపు సొత్తు గనుక కమిటీలో అడిగాను. పెద్దలలో ఒకరు కళ్లద్దాలు సవరించుకొని, “సినిమా హాలు పెడతారా అయ్యగారూ?” అన్నారు. అందరూ నవ్వారు గాని ఆయన నవ్వలేదు. సంఘపు డబ్బు ఒక్క రూపాయి కూడ దీనిలో పడదని మాట ఇచ్చి అనుమతి తీసుకున్నాను.

ఇక నా మొదటి తెలివితక్కువ పని చెప్పాలి. గది సంగతి ఆలోచించకుండానే ఫోనులో చూచి ఒక కొత్త చిన్న ప్రొజెక్టరు తెప్పించాను, 6,500 రూపాయలకు. డబ్బా మీద వేల వేల ల్యూమెన్ల వెలుగు, ‘1080పి సపోర్ట్’ అని పెద్ద అక్షరాలు. సపోర్ట్ అంటే అటువంటి బొమ్మను లోపలికి తీసుకోగలదని మాత్రమే అర్థమట. బయటికి చూపించగలిగేది లోపలి పలకలో ఎన్ని చుక్కలుంటే అంతే, దానిలో ఉన్నవి 480 వరుసలే. కొనేవారు అడగవలసినది నేటివ్ రిజల్యూషన్ ఎంత, అన్సీ పద్ధతిలో కొలిచిన ల్యూమెన్లు ఎన్ని అని. నేను అడగలేదు. గోడ మీద బొమ్మ పలచని మజ్జిగలా ఉంది. తిరిగి పంపే గడువు చూచుకొనేసరికి అది దాటిపోయింది. ఆ డబ్బాను పాత పుస్తకాల వెనుక దాచి, రెండు వారాలు నా భార్యకు చెప్పలేదు. ఊడ్చేటప్పుడు ఆమెకే దొరికింది. కోప్పడి ఉంటే బాగుండేది. “నాకు చెబితే ఏమయ్యేది?” అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అమ్మను మరల చెవి డాక్టరుగారి దగ్గరకు తీసుకొని వెళ్లినప్పుడు, శబ్దం పెంచినా ఎందుకు అర్థం కావడం లేదని అడిగాను. వయసుతో పాటు ముందుగా పోయేది సన్నని, పైస్థాయి శబ్దాలను వినే శక్తి అని ఆయన చెప్పారు. అచ్చులకు బలమెక్కువ, అవి వినబడతాయి. స, శ, త, క వంటి హల్లులలోని సన్నని చప్పుడు వినబడదు. మాటను మాటగా విడదీసేవి ఆ హల్లులే. అందువలన శబ్దం పెంచితే గోల పెరుగుతుంది గాని మాట తేటపడదు. గది మారుమ్రోగితే ఉన్న కాస్త హల్లు కూడ ఆ మ్రోతలో కలిసిపోతుంది. నేను బొమ్మ కోసం డబ్బు తగలేశాను. అమ్మకు కావలసినది హల్లు.

ఆ సాయంత్రమే ఖాళీ గదిలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి ‘ట్రింగ్’మని చాలాసేపు మ్రోగింది. కోడిగుడ్ల అట్టలు అంటించమని చాలామంది సలహా ఇచ్చారు. మా తట్టున కోళ్ల ఫారాలకు కొదువ లేదు, అట్టలు ఊరకే దొరుకుతాయి. కాని అవి శబ్దాన్ని బయటికి పోకుండా ఆపలేవు, లోపలి మ్రోతను తగ్గించేది కూడా స్వల్పమే, పైగా నిప్పు తగిలితే భగ్గుమంటాయి. పలచని గుడ్డ సన్నని శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది, అంతే. మందమైన దూది వస్తువును గోడకు అంటించకుండా కొంచెం ఖాళీ వదిలి నిలబెడితే బరువైన శబ్దాన్ని కూడ కొంత పీల్చుకుంటుంది. మా ఇంట్లో పాత దూది పరుపులు రెండు, అమ్మ కుట్టిన బొంతలు నాలుగు ఉన్నాయి. పరుపులను చెక్క చట్రాలలో బిగించి వెనుక గోడకు మూడు అంగుళాల ఎడంగా నిలబెట్టాము. ప్రక్క గోడల మీద బొంతలు ఎక్కడ కట్టాలో తెలుసుకొనే ఉపాయం ఒకటి ఉంది. ఒకరు అమ్మ కుర్చీలో కూర్చుంటే, ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు కనబడిన చోటనే ఆ శబ్దం గోడకు తగిలి చెవికి వస్తుంది. మా అమ్మాయి అద్దం పట్టింది, అబ్బాయి బలపంతో గుర్తులు పెట్టాడు. చాలా నెలల తరువాత వాళ్లిద్దరూ ఒకే పని మీద పోట్లాడుకోవడం నాకు సంతోషమనిపించింది.

అవన్నీ కట్టి మరల చప్పట్లు కొడితే ‘టప్’మని ఆగిపోయింది. దీనికి బయట పెట్టిన డబ్బు చట్రాల చెక్క, మేకులు కలిపి 1,100.

స్పీకర్లు రాజమండ్రిలో ఒక పాత సామాను దుకాణంలో దొరికాయి, యాంప్లిఫయరుతో కలిపి 7,500. అది 5.1 సెట్టు. ముందు మూడు స్పీకర్లు, ప్రక్కలకు రెండు, బరువైన శబ్దానికి ఒక ఊఫరు. ఆ తీరుగా తయారైన సినిమాలలో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరులోనుండే వస్తుంది. మామూలు టీవీలో అన్నిటినీ కలిపి రెండు స్పీకర్లలో పోస్తారు గనుక సంగీతం మాటను మింగేస్తుంది. ఈ సెట్టులో మధ్య స్పీకరును ఒక్కదానినే పెంచుకోవచ్చు. దానిని బొమ్మ క్రిందనే పెట్టి, ముఖం అమ్మ చెవి ఎత్తుకు చూచేలా క్రింద చెక్కముక్క ఎత్తు పెట్టాను. ఊఫరును మూల నుండి జరిపాను, మూలలో ఉంటే దాని ఉరుము మరీ ఎక్కువవుతుంది.

బొమ్మ విషయంలో ఈసారి తొందరపడలేదు. విజయవాడలో ఒక ఆఫీసు వాడి అమ్మివేసిన ప్రొజెక్టరు, నేటివ్ 1280, 800 చుక్కలది, 11,000కు తీసుకున్నాను. మెనూలో ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందో చూపిస్తుంది, అది చూడకుండా పాత ప్రొజెక్టరు ఎవరూ కొనవద్దు. పిల్లలు 100 అంగుళాల బొమ్మ కావాలన్నారు. 80 అంగుళాలకు తగ్గించాను. అదే వెలుగు తక్కువ చోటులో పడుతుంది గనుక బొమ్మ ఒకటిన్నర రెట్లు ప్రకాశంగా కనబడింది. తెర కొనలేదు. గోడకు పుట్టీ పెట్టి నునుపు చేసి, మెరుపులేని తెల్లరంగు వేశాము, చుట్టూ నల్లని మఖ్మల్ గుడ్డతో అంచు కట్టాము. తెర దగ్గరి గోడలకు, పైకప్పుకు ముదురు రంగు వేశాము. ప్రొజెక్టరు నల్లని వెలుగును వేయలేదు గదా, చీకటి ఎంత ఉంటే నలుపు అంత. రంగులకు 1,800, కిటికీకి మందపు తెరలు, మఖ్మల్ కలిపి 1,100, వైర్లకు 600.

కరెంటు సంగతి మన పల్లెలవారికి ముఖ్యము. ల్యాంపు ప్రొజెక్టరును ఆపిన తరువాత కూడ లోపలి ఫ్యాను కాసేపు తిరిగి దానిని చల్లార్చాలి. నడుస్తుండగా కరెంటు పోతే ఫ్యాను కూడ ఆగి, వేడి లోపలే నిలిచి ల్యాంపు పాడవుతుంది. అందుకని అబ్బాయి పాత కంప్యూటరు యు.పి.ఎస్.ను దానికి తగిలించాము. కరెంటు పోగానే సరిగా ఆపుకొనేంత సమయం ఇస్తే చాలు.

చివరకు 400 రూపాయలు మిగిలాయి. కాగితం మీద లెక్క వ్రాసి, దాచిన 6,500 మొదటి వరుసలోనే పెట్టి, నా భార్య చేతికిచ్చాను. కమిటీలో కూడ అదే కాగితం చూపించాను. ఆ పెద్దాయన మొదటి వరుస మీద వ్రేలు పెట్టి చాలాసేపు చూచారు. తరువాత గది చూడడానికి వచ్చి, ప్రతి శనివారం సంఘమంతటికి సినిమా వేద్దామన్నారు! ఇంట్లో చూచుకొనడానికి తీసుకున్న సినిమాను పదిమందిని పిలిచి వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి, 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది అని చెబితే కొంచెం నిరాశపడ్డారు.

మొదటి రాత్రి 1955 నాటి ‘మిస్సమ్మ’ పెట్టాము. అమ్మ కోరిక అది. సావిత్రిగారు మేరీగా వేసిన చిత్రం. పాత సినిమా గనుక శబ్దమంతా ఒక్కటే ధార, దానిని మధ్య స్పీకరుకే పంపాను. అమ్మను గోడకు ఏడడుగుల దూరాన కుర్చీలో కూర్చోబెట్టాము. చెవి యంత్రం పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు, తనే కొంగు ముడి విప్పింది.

కొంతసేపు ఆమె ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. రమణారెడ్డిగారు అప్పులవాడు డేవిడ్‌గా వచ్చి గబగబ మాట్లాడుతున్నారు. నేను ఆ మాట అందుకొనేలోపే నా ప్రక్కన నవ్వు వినబడింది. “వీడి బుద్ధి చూడరా!” అంది అమ్మ. మా అమ్మాయి, “ఏమన్నాడు నానమ్మా? నాకు వినబడలేదు” అంది. అమ్మ ఆమె చెవి దగ్గరకు వంగి చెప్పింది.

సగం సినిమా అయిన తరువాత అమ్మ నా వైపు తిరిగి, పైన అరమీద ఉన్న ప్రొజెక్టరును చూపించి, “ఆ ఫ్యాను చప్పుడు అడ్డం వస్తుంది, కాస్త తగ్గించరా” అంది. వెలుగు తగ్గించే ఎకో మీట నొక్కాను. బొమ్మ కొంచెం మసకబారింది. పిల్లలు గొణిగారు గాని, నేను దానిని మరల పెంచలేదు.